మా స్థలంలో మా సరుకు పెట్టుకుంటే తప్పేమిటి?

ప్రశ్న: తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు మాకు టైల్స్, శానిటరీ సామాను, పైపుల దుకాణం ఉంది. స్థలం నాన్నగారి పేరు మీద 120 అంకణాలు. ముందు 48 అడుగులు, లోతు 90 అడుగులు. 2018లో ప్లాన్ అనుమతి తీసుకునే కట్టాం. దుకాణం ముందు ఖాళీలో టైల్స్ పెట్టెలు, పక్క సందులో పైపులు, రోడ్డు కాలువ మీది బండలపై కమోడ్లు, నీళ్ళ ట్యాంకులు పెడతాం. పోయిన ఏడాది ముందువైపు ఎనిమిది అడుగుల మేర రేకులు వేయించాం. ఈ మధ్య నగరపాలక సంస్థ సిబ్బంది వచ్చి బయట ఉన్నదంతా తీసేయాలని, చుట్టూ మొక్కలు పెంచాలని నోటిమాటగా చెప్పి వెళ్ళారు. ఏటా పన్ను కట్టే మా సొంత స్థలంలో మా సరుకు పెట్టుకుంటే తప్పేమిటి? నోటీసు ఇవ్వకుండా తీసుకుపోగలరా? పక్క దుకాణాల జోలికి వెళ్ళరెందుకు? సరుకు లారీకి అడ్డంగా ఒక వేపచెట్టు ఉంది. దాన్ని కొట్టేసి, బదులుగా మొక్కలు నాటితే చాలదా? (పేరు రాయవద్దన్నారు, తిరుపతి)

జవాబు: మీ సరుకు బయట మూడు చోట్ల ఉంది, రేకులు నాలుగోది. ఈ నాలుగింటికీ చట్టం ఒకే జవాబు చెప్పదు. మీరు మాత్రం అన్నింటినీ కలిపి ‘మా సొంత స్థలం’ అంటున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

కాలువ మీది బండలతో మొదలుపెడతాను. వాటిని మీ ఖర్చుతోనే వేయించి ఉండవచ్చు. అయినా కాలువ నగరపాలక సంస్థది, దాని పైభాగం కూడా దానిదే. మన నగరపాలక సంస్థలకు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో 402 నుంచి 405 వరకు ఉన్న సెక్షన్లు ఈ సంగతే చెబుతాయి. వీధికి అడ్డంగా కట్టడం కట్టకూడదు, వస్తువులు పెట్టకూడదు, పెడితే కమిషనర్ తీయించవచ్చు. మీ రెండో ప్రశ్నకు జవాబు 405లో ఉంది: అలా పెట్టిన వస్తువులను ముందుగా నోటీసు ఇవ్వకుండానే తీయించే అధికారం ఆ సెక్షన్ ఇస్తోంది. నోటిమాటగానైనా ముందే చెప్పి వెళ్ళారంటే చట్టం అడిగినదానికన్నా ఒక మెట్టు ఎక్కువే చేశారు. 2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కని, అది రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాత్రికులు కాలినడకన తిరిగే ఊళ్ళో ఆ మాటకు బరువు ఇంకా ఎక్కువ. సంచి నెత్తిన పెట్టుకుని, పిల్లవాడి చేయి పట్టుకుని నడిచే మనిషి మీ కమోడ్ల వరుస దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీదికి దిగాలి, వెనుక నుంచి వచ్చే బస్సును చూసుకోవాలి.

ఆ కమోడ్ల గురించి ఇంకో మాట. వాన కురిశాక వాటిలోకి ఒకసారి తొంగి చూడండి. అడుగున ఉన్న మడతలో రెండు మూడు గ్లాసుల నీళ్ళు నిలిచి ఉంటాయి. మూత సరిగా బిగించని ట్యాంకులోనూ అంతే. డెంగీని మోసే దోమకు కావలసింది ఇలాంటి తేట నీరే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వాహనాలు కొట్టుకుపోయిన వానను మీరు మరిచిపోయి ఉండరు. కాలువ బండల మీద సరుకు పేర్చి ఉంటే వాటిని లేపి పూడిక తీయడం ఎవరివల్లా కాదు. నీళ్ళు పొంగితే మొదట వచ్చేది కూడా మీ దుకాణంలోకే. ఈ ఒక్క సరుకును మాత్రం ఉత్తరం చదివిన రోజే లోపలికి చేర్చండి. దీనిమీద వాదించడానికి మీకు ఏమీ లేదు.

ఇక ముందున్న ఖాళీ. దీనిమీద మీరు గట్టిగా వాదించగలనని అనుకుంటున్నారు. నేనైతే తొందరపడను. ముందు బీరువాలోంచి రెండు కాగితాలు బయటికి తీయండి: నాన్నగారి రిజిస్టర్డ్ దస్తావేజు, 2018లో మంజూరైన ప్లాన్. లోతు కొలత రెండింటిలోనూ ఒకటే ఉందా? దస్తావేజులో 90 అడుగులు ఉండి ప్లాన్‌లో 84 మాత్రమే ఉంటే ఆశ్చర్యపోకండి. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డును వెడల్పు చేయాలని ఉన్న చోట, భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్డుకు పోయే మేరను యజమాని అప్పగించాలి. దానికి బదులుగా సెట్‌బ్యాక్‌లో (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలో) సడలింపో, టీడీఆర్ బాండో (పోయిన నేలకు బదులు వేరేచోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో హక్కు ఇచ్చే పత్రం) ఇస్తారు. నాన్నగారు అలా సంతకం చేసి ఉంటే ఆ ఆరడుగులు అప్పుడే మీ చేయి దాటిపోయాయి. దస్తావేజును ఎవరూ దిద్దరు కాబట్టి అందులో పాత కొలతే కనిపిస్తూ ఉంటుంది. రోడ్డు ఇంకా వెడల్పు చేయకపోతే నేల ఖాళీగానే ఉంటుంది, మనదే అనిపిస్తుంది. ఈ ఊళ్ళో దుకాణాల ముందు జరిగే గొడవల్లో చాలా వాటికి మూలం ఇదే. ఇద్దరి దగ్గరా కాగితం ఉంటుంది. రెండు కాగితాలూ నిజమైనవే. చెల్లేది మాత్రం తరువాతది.

ప్లాన్ దొరకకపోతే మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి ధ్రువీకరించిన నకలు కోరండి. అక్కడ పని జరగకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నకలు చేతికి వచ్చాక ఒక ఉదయం దుకాణం తెరవకముందే టేపు పట్టుకుని కొలవండి. గోడ నుంచి కొలిస్తే గోడ ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది. రోడ్డు మధ్య గీత నుంచి, ప్లాన్‌లో రాసిన రోడ్డు వెడల్పులో సగం కొలిచి సుద్దతో గీత గీయండి. ఆ గీతకు లోపల ఉన్నదే ఇప్పుడు మీ స్థలం.

గీత లోపల ఉన్నదైనా పూర్తిగా మీ ఇష్టమా అంటే, కాదు. సొంత నేలే, పన్ను మీరే కడతారు, అమ్ముకుంటే డబ్బు మీకే వస్తుంది. కానీ భవనానికి అనుమతి ఇచ్చింది చుట్టూ ఇంత మేర ఆకాశం కనిపించేలా వదిలిపెడతారన్న షరతు మీద. అదే సెట్‌బ్యాక్. 2017 మార్చి 28న జీవో 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు మీ భవనానికి వర్తిస్తాయి. మీకు 2018లో అనుమతి వచ్చింది వాటి ప్రకారమే. వాటి కింద మంజూరైన ప్లాన్‌లో ముందు ఖాళీని పార్కింగ్‌గా చూపించి ఉంటే అక్కడ టైల్స్ పెట్టెలు పేర్చడం మరీ తప్పు. మీ కొనుగోలుదారు బండిని రోడ్డు మీద పెడతాడు, మళ్ళీ అదే గొడవ. గేటు లోపల పగటిపూట నాలుగు నమూనా టైల్స్ స్టాండుకు ఆనించి, రాత్రికి లోపల పెట్టుకుంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చని నా అంచనా. అది చూసీచూడనట్టు వదిలేయడమే తప్ప మీ హక్కు కాదని గుర్తుంచుకోండి. రెండడుగుల టైల్స్ పెట్టె ఒక్కొక్కటి 30 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆరు వరుసల ఎత్తున అట్టపెట్టెలు, వానకు అడుగు పెట్టె నానిపోతే ఆ దొంతర ఎటు ఒరుగుతుందో ఎవరు చెప్పగలరు?

పక్క సందు సంగతి నన్ను ఎక్కువ భయపెట్టింది. మీరు దాన్ని వాడుకలో లేని జాగా అనుకుంటున్నారు. నిప్పు అంటుకున్న రోజు అగ్నిమాపక సిబ్బంది గొట్టం పట్టుకుని వెనుకకు వెళ్ళే దారి అదొక్కటే. అక్కడ మీరు పెట్టింది పీవీసీ పైపులు, వాటిమీద కప్పింది ప్లాస్టిక్ పట్టా. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. నిప్పు మాట అటుంచినా, మన ఎండలో ఆరుబయట పడి ఉన్న పైపు రంగు వెలిసి, పెళుసుబారి, బిగించేటప్పుడు పగులుతుంది. ఆ పైపును వెనక్కి తెచ్చేది మీ కొనుగోలుదారే. నీడలో ఉంచాలని తయారీదారులు చెప్పేది ఇందుకే.

రేకుల విషయంలో మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. సన్‌షేడ్ అంటే గోడ నుంచి 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల లోపు. మీరు వేయించింది ఎనిమిది అడుగులు. దానికి కింద ఇనుప స్తంభాలు కూడా ఉండి ఉంటాయి. అది అనుమతి లేని కట్టడం. సరుకుకూ దీనికీ తేడా ఏమిటంటే, కట్టడానికి నోటీసు ఇచ్చి, మీ వివరణ విని, ఆ తరువాతే తీయించాలి. అంతవరకు మీకు గడువు ఉంది. ఆ గడువును వాదనకు వాడుకోకండి. నోటీసు వచ్చాక అదొక ఫైలు అవుతుంది, రేపు బ్యాంకు రుణానికో, అదనపు అంతస్తుకో వెళ్ళినప్పుడు ఆ ఫైలు మీకంటే ముందు అక్కడికి చేరుతుంది. ముందే విప్పించేస్తే రేకులైనా మీకు మిగులుతాయి. ఎవరో మధ్యవర్తి వచ్చి ‘నెలకు ఇంత ఇస్తే ఎవరూ అడగరు’ అంటే నమ్మకండి. ఆయన అమ్మేది ఆయన చేతిలో లేని సరుకు. రేపు ఎప్పుడో క్రమబద్ధీకరణ పథకం వస్తుందిలే అన్న ఆశ కూడా వద్దు. అలాంటి పథకాలు ఎప్పుడు వచ్చినా సొంత స్థలంలోని కట్టడాలకే తప్ప రోడ్డు మీదికి వచ్చిన వాటికి కాదు.

ఇక మొక్కలు. ఈ మాట విని మీకు చిరాకు వేసినట్టుంది. అది సిబ్బంది సరదాకు చెప్పింది కాదు, ఇందాక చెప్పిన భవన నిర్మాణ నియమాల్లోనే ఉంది. 300 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో అంచుల వెంబడి కనీసం ఒక మీటరు వెడల్పున, తెగిపోకుండా సాగే పచ్చని పట్టీ పెంచి కాపాడాలి. మన అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి ఆ హద్దు దాదాపు 90 అంకణాల దగ్గర పడుతుంది. (నెల్లూరు బంధువులను అడిగి లెక్క వేయకండి, వాళ్ళ అంకణం 72 అడుగులు.) మీ 120 అంకణాల్లోంచి రోడ్డుకు కొంత పోయినా మీరు హద్దు దాటే ఉంటారు. ఏయే వైపుల పట్టీ రావాలో మీ ప్లాన్‌లోనే గీసి ఉంటుంది. ఒక్క 90 అడుగుల వైపుకే ఇది 295 చదరపు అడుగులు, అంటే ఎనిమిది అంకణాలకు పైగా వస్తుంది. అంత నేల పోయిందని బాధపడకండి, అది ఎలాగూ సెట్‌బ్యాక్‌లో భాగమే.

పచ్చదనం, వాన నీటి ఇంకుడు ఏర్పాటు లేకపోతే అవి చేసేదాకా ఏటా ఆస్తి పన్నుపై 10 శాతం అదనంగా వేయవచ్చు. ఇది చదవగానే వ్యాపారి మనసు ఒక లెక్క వేస్తుంది: పన్ను 40,000 అయితే జరిమానా 4,000, గోదాము అద్దె కన్నా ఎంతో చవక, కట్టేద్దాం. ఆ లెక్క తప్పు. ఆ 10 శాతం మినహాయింపుకు కట్టే రుసుము కాదు. కట్టినా షరతు తీరదు, సందులో పైపులు పెట్టుకునే హక్కూ రాదు.

ఏం నాటాలంటే, ఒక మీటరు పట్టీలో రావి, మర్రి జోలికి పోకండి, పునాదికే ఎసరు పెడతాయి. మన ఊరికి నీళ్ళు కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ నుంచి రావాలి. ఎండాకాలంలో పొద్దున్నే మొక్కలకు పైపు పెట్టి వదిలేసే స్థోమత ఎవరికీ లేదు. గన్నేరు, నందివర్ధనం, కాగితం పూల తీగ తక్కువ నీటితో బతుకుతాయి. గన్నేరులో ఇంకో సుగుణం, రోడ్డు మీద తిరిగే ఆవులు, మేకలు దాన్ని ముట్టవు. విషం కాబట్టే ముట్టవు. అందుకని చిన్నపిల్లలు వచ్చిపోయే గుమ్మం దగ్గర వద్దు, వెనుక వైపు పెట్టండి. నర్సరీవాళ్ళు త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అంటగడతారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాని పెంపకాన్నే నిషేధించింది. శేషాచలం పక్కనే ఉంది కదా అని ఎర్రచందనం నాటాలన్న సరదా కొందరికి ఉంటుంది. నాటడం తేలికే. రేపు కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ కాగితాలు లేకుండా కుదరదు. కరెంటు తీగల కింద ఎత్తు పెరిగేవి పెడితే విద్యుత్ సిబ్బంది ఏటా వచ్చి మోడు చేసి పోతారు.

రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు. పట్టీకి టైల్స్ పరిచి, దానిమీద కుండీలు పెట్టి ఫోటో తీసి చూపిస్తారు. మీ దగ్గర టైల్స్‌కు కొదవ లేదు కాబట్టి ముందే చెబుతున్నాను. నియమం అడిగేది నేలలో పెరిగే మొక్కను, నీరు ఇంకే మట్టిని. రెండోది, కుండీలను ఫుట్‌పాత్ మీద వరుసగా పెట్టడం. కమోడ్ బదులు కుండీ పెడితే ఆక్రమణ అందంగా ఉంటుంది, అంతే.

వేపచెట్టు మీద గొడ్డలి పడనీయకండి. సొంత స్థలంలో ఉన్న చెట్టైనా నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి లేకుండా కొట్టకూడదు. అనుమతి వచ్చినా బదులు మొక్కలు నాటాలి. అసలు మీరు వెతుకుతున్న పచ్చదనంలో మంచి వాటా ఇప్పటికే నిలబడి ఉంటే దాన్ని కొట్టి మొలకలు నాటడం ఏం బేరం? లారీకి తగులుతున్న కొమ్మ ఒకటో రెండో తీయడానికి అనుమతి అడగండి. లారీ రోడ్డు మీద ఆగితే చిన్న వాహనంలో లోపలికి చేరవేయడం ఇంకా మంచి పద్ధతి.

మరి సరుకు ఎక్కడ పెట్టాలి? మీ ఉత్తరంలో అడగని ప్రశ్న ఇదే, నిజానికి అడగవలసింది కూడా ఇదే. దుకాణంలో నమూనాలు, రోజువారీ అమ్మకానికి సరిపడా సరుకు ఉంచి, మిగతాది రేణిగుంట వైపో, ఊరి చివరో ఒక గోదాముకు మార్చండి. పక్క వ్యాపారులు ఇద్దరు కలిస్తే అద్దె పంచుకోవచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో కనుక్కోండి. పంచాయతీ హద్దులో ఉంది కదా, ఎవరు అడుగుతారని గోదాము యజమాని అంటాడు. తుడా పరిధి ఊరి పొలిమేర దగ్గర ఆగదు. నివాస ప్రాంతమని తేలితే ఇక్కడి తలనొప్పే అక్కడా మొదలవుతుంది. దుకాణం లైసెన్సు మీ దుకాణం చిరునామాకే వర్తిస్తుంది, కొత్తచోటికి వేరే తీసుకోవాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఆ గోదామును అదనపు వ్యాపార స్థలంగా 15 రోజుల్లోగా చేర్పించండి. చేర్చని చోట సరుకు దొరికితే దాన్ని లెక్కలో లేని సరుకుగా చూసే ప్రమాదం ఉంది. 50,000 రూపాయలు దాటిన సరుకు గోదాము నుంచి దుకాణానికి కదిలినా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం) ఉండాలి. డెలివరీ చలానా కూడా వెంట పంపండి. ఆడిటర్‌కు ఇదంతా ఒక పూట పని.

పక్కవాళ్ళను ఎందుకు అడగరు అన్నారు. న్యాయమైన కోపమే. కోర్టులో మాత్రం పనికిరాదు. మరొకరి తప్పును వదిలేశారు కాబట్టి నాదీ వదిలేయాలి అనే సమానత్వం రాజ్యాంగంలో లేదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అందరికీ ఒకే రీతిన అమలు చేయమని అడిగే హక్కు మీకుంది. సోమవారం అర్జీల కార్యక్రమంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అయితే మీ రేకులు విప్పించి, సందు ఖాళీ చేసిన తరువాతే వెళ్ళండి. విచారణకు వచ్చేవాళ్ళు మొదట కొలిచేది అర్జీదారు దుకాణాన్నే.